స్టెమ్ సెల్స్‌కు ఇనుము పట్టించి ఎంఆర్‌ఐలో చూపిస్తామంటే ఆ నల్ల మచ్చను ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకెలా అర్థమైందో ముందు చెప్తాను. మీది నకిరేకల్ దగ్గర ఊరు. మీ అన్న కల్లు గీస్తారు. నిరుడు మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డారు. డీ12 దగ్గర వెన్నుపూస విరిగితే రాడ్లు, స్క్రూలు వేశారు. నడుము కింద ఇప్పటికీ కదలిక లేదు. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు ఆయన ఎముక మజ్జ నుంచి స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు) తీసి నడుములోకి ఎక్కిస్తామని, 4 లక్షలు అవుతుందని చెప్పారు. "కణాలకు ఇనుప నానో రేణువులు పట్టిస్తాం. అవి దెబ్బతిన్న చోటికి పోయి పనిచేస్తుంటే ఎంఆర్‌ఐలో మీ కళ్లకే చూపిస్తాం" అన్నారు. కణాలు నిజంగా అలా కనిపిస్తాయా, ఇనుముతో హాని ఉందా, డబ్బు కట్టొచ్చా అని అడిగారు.

ఇనుము కనిపిస్తుంది. ఆ ఇనుము ఉన్న కణం బతికే ఉందో లేదో, పనిచేస్తోందో లేదో మాత్రం ఆ ఫిల్మ్ చెప్పలేదు. ఇనుముతో హాని చాలా తక్కువ. డబ్బు మాత్రం కట్టకండి. వెన్నుపాము దెబ్బకు మన దేశంలో ఆమోదం పొందిన స్టెమ్ సెల్ వైద్యం ఏదీ లేదు. పరిశోధనగా చేస్తుంటే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

నేను రేడియాలజిస్టును. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఎంఆర్‌ఐ రిపోర్టులు రాస్తున్నాను. అంతకు ముందు కొన్నేళ్లు ఒక పరిశోధన బృందంలో సరిగ్గా ఈ పనే చేశాను: కణాలకు ఇనుము పట్టించడం, ఎలుకల్లోకి ఎక్కించడం, స్కాన్ తీసి అవి ఎక్కడున్నాయో వెతకడం. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. దాన్ని అమ్మకం సరుకుగా వాడుతున్నారంటే బాధేసి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదట అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాన్నే ఎంఆర్‌ఐ చదువుతుంది. 1.5 టెస్లా, 3 టెస్లా బలం ఉన్న అయస్కాంతంలో ఆ హైడ్రోజన్ కేంద్రకాలు ఒకే లయలో తిరుగుతాయి. మధ్యలో ఇనుప ఆక్సైడ్ రేణువులుంటే వాటి చుట్టూ అయస్కాంత క్షేత్రం కొంచెం వంకరపోతుంది. పక్కనున్న హైడ్రోజన్ల లయ చెదిరి సంకేతం తొందరగా ఆరిపోతుంది. ఫిల్మ్ మీద ఆ చోటు నల్లగా వస్తుంది. గ్రేడియంట్ ఎకో, ఎస్‌డబ్ల్యూఐ అనే రకం స్కాన్లలో ఇది బాగా తెలుస్తుంది. ఆ మచ్చ అసలు రేణువులున్న చోటి కన్నా పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి మచ్చ పెద్దగా ఉంటే కణాలు ఎక్కువ ఉన్నాయని అనుకోవడానికి లేదు.

ఈ రేణువులు నానోమీటర్ల సైజువి. అయస్కాంతంలో ఉన్నంతసేపే అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి, బయటికి రాగానే ఆ గుణం పోతుంది. అందుకే ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టవు. కణాలను డిష్‌లో పెంచుతూ ఈ రేణువులు కలిపిన ద్రవంలో మామూలుగా ఒక రాత్రంతా ఉంచుతారు. రక్షణ వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్‌ల వంటి కణాలు వాటంతటవే మింగేస్తాయి. స్టెమ్ సెల్స్ అంత సులువుగా మింగవు, ప్రొటమిన్ సల్ఫేట్ అనే మందు లాంటిది కలిపి లోపలికి పంపాలి. చివరికి ఒక్కో కణంలో సుమారు 10 నుంచి 30 పికోగ్రాముల (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) ఇనుము చేరుతుంది. తర్వాత బాగా కడిగి, కొన్ని కణాలకు ప్రషియన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తాం. లోపల నీలం చుక్కలుంటే ఇనుము ఎక్కినట్టు. ఎన్ని కణాలు బతికున్నాయో కూడా అప్పుడే లెక్కేస్తాం.

ఇక్కడ మీకు పనికొచ్చే ఒక గుర్తు ఉంది. పొద్దున మజ్జ తీసి మధ్యాహ్నం తిరిగి ఎక్కించే సెంటర్‌లో రాత్రంతా పట్టే ఈ పని ఎప్పుడు చేశారు? యాంటీబాడీ (కణాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్) ఉన్న సూక్ష్మ అయస్కాంత పూసలను కణం పైపొరకు తగిలించే పద్ధతి ఇంకొకటి ఉంది, అది కొద్ది గంటల్లో అయిపోతుంది. అలా చేశామంటే ఏ పూసలు, ఏ కంపెనీవి, మనుషుల్లో వాడటానికి అనుమతి ఉందా అని అడగండి. అసలు కణాలకు గుర్తు పెట్టడానికంటూ అనుమతి పొందిన ఇనుప రేణువుల మందు ఏదీ మార్కెట్లో లేదు. పరిశోధకులు వేరే అవసరాలకు వచ్చిన మందుల్నే వాడుకుంటూ వచ్చారు. లివర్ గడ్డలు చూడటానికి అమెరికాలో 1996లో అనుమతి పొందిన ఫెరుమాక్సైడ్స్ వాటిలో ఒకటి. తయారీదారే దాన్ని తర్వాత ఆపేశారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఫెరుమాక్సిటాల్. 2009లో కిడ్నీ రోగుల రక్తహీనతకు అనుమతి వచ్చిన ఇంజెక్షన్ అది.

మనుషుల్లో ఇది చేసి చూశారా అంటే చూశారు. మొదటి మంచి ఉదాహరణ నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌ది, 2005లో వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు డెండ్రిటిక్ కణాలను (దేని మీద దాడి చేయాలో రక్షణ వ్యవస్థకు చూపించే కణాలు) టీకాలా లింఫ్ గ్రంథిలోకి ఎక్కించారు. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూనే సూది గుచ్చారు. అయినా తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే 8 మందిలో 4 మందికే కణాలు గ్రంథిలో పడ్డాయి. మిగతా వాళ్లలో సూది గురి తప్పి పక్కన కొవ్వులోకి పోయింది. నా దృష్టిలో ఈ పద్ధతి గొప్పతనం అక్కడే ఉంది. ఎంఆర్‌ఐ లేకపోతే ఆ సగం మందిలో "టీకా పనిచేయలేదు" అని రాసేసేవాళ్లు. టీకా అసలు చేరాల్సిన చోటికే చేరలేదని ఇనుము చెప్పింది. సూది సరైన చోట పడిందా అని తేల్చడానికి ఇది చాలా మంచి సాధనం. ఎక్కించిన గంటల్లో, మొదటి రోజుల్లో చూస్తే దీని మాట నమ్మొచ్చు.

మీ అన్న లాంటి వాళ్ల మీద కూడా ఒక అధ్యయనం ఉంది. 2007లో బ్రెజిల్ వైద్యులు పాత వెన్నుపాము దెబ్బలున్న వాళ్లకు అయస్కాంత పూసలు తగిలించిన మజ్జ కణాలను నడుము సూది ద్వారా ఇచ్చారు. అలాంటి కణాలు అందుకున్న 10 మందిలో 5 మందికి దెబ్బతిన్న చోట నల్లటి సంకేతం కనిపించిందని రాశారు. బహుశా ఆ సెంటర్ వాళ్లు మీకు చూపించబోయేది ఇలాంటి పేపరే. అందులో తేలింది సంకేతం అక్కడికి చేరిందని. కాళ్లు కదిలాయని కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మీకు చెప్పకుండా దాటేస్తున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. పాలమూరు పల్లెల్లో గొర్రెలకు రంగు ముద్ర వేయడం మీరు చూసే ఉంటారు. మంద ఎటు పోయిందో ఆ రంగును బట్టి పోల్చుకుంటారు. కానీ గొర్రెను తోడేలు తినేసినా రంగంటిన బొచ్చు అక్కడే పడి ఉంటుంది. దూరం నుంచి రంగు చూసి గొర్రె ఉందనుకుంటే ఎలా? కణం సంగతి కూడా అంతే. అది చచ్చిపోతే లోపలి ఇనుము వెంటనే ఎటూ పోదు. చచ్చిన కణాలను శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లు ఆ ఇనుమును మింగి వారాల తరబడి అదే చోట ఉంటాయి. ఎంఆర్‌ఐలో మచ్చ అలాగే ఉంటుంది.

మా ల్యాబులో దీన్ని నేరుగా చూశాం. ఇనుము పట్టించిన బతికున్న కణాలను కొన్ని ఎలుకల తొడ కండలోకి, గడ్డకట్టించి కరిగించి చంపేసిన కణాలను ఇంకొన్నింటికి ఎక్కించాం. మొదటి స్కాన్‌లో రెండూ నల్లగానే వచ్చాయి. వారాల తర్వాత కూడా రెండు గుంపుల్లోనూ మచ్చ ఉంది. ఏ ఎలుక ఏ గుంపుదో రాసిన చీటీ దాచేసి ఫిల్ములు మాత్రమే ముందు పెడితే మాలో ఎవరూ వేరు చేయలేకపోయారు. ఆ కండను కోసి రంగులు వేసి చూస్తే, చచ్చిన కణాలు ఇచ్చిన చోట ఇనుమంతా మాక్రోఫేజ్‌ల కడుపులోనే ఉంది. ఎలుకల గుండెల్లో ఇలాంటి ప్రయోగాలు చేసిన వేరే దేశాల బృందాలకూ ఇదే ఫలితం వచ్చింది: ఎక్కించిన కణాలు దాదాపు పోయాక కూడా ఎంఆర్‌ఐ సంకేతం మిగిలే ఉంది.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. కణం బతికి రెండుగా విడిపోతే ఇనుము కూడా చెరి సగం అవుతుంది. అలా కొన్నిసార్లు విడిపోయాక ఎంఆర్‌ఐకి అందనంత పల్చబడుతుంది. అంటే బాగా పెరుగుతున్న కణాల మచ్చ మాయమవ్వచ్చు, చచ్చిన కణాల మచ్చ నిలిచిపోవచ్చు. రోగి బంధువులు మాత్రం మచ్చ ఉంటే సంతోషపడతారు, పోతే కంగారు పడతారు. మచ్చను చూసి ఆ రెండూ చేయడానికి లేదు.

పైగా నల్లగా ఉన్నదల్లా మనం పంపిన ఇనుము కాదు. పాత రక్తస్రావం మిగిల్చిన ఇనుము, కాల్షియం, గాలి బుడగ, లోహం అన్నీ ఆ రకం స్కాన్లలో నల్లగానే వస్తాయి. ఆ మధ్య అచ్చంపేట వైపు నుంచి ఒక పెద్దాయన మోకాలి ఫిల్ములు పట్టుకొచ్చారు. వేరే చోట ఇంజెక్షన్ చేయించుకున్నారు. ఫిల్మ్ మీద నల్ల చుక్కల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి "మీ స్టెమ్ సెల్స్ ఇవే" అన్నారట. ఇంట్లో పాత సీడీ ఉంటే తెమ్మన్నాను. పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చుక్కలు ఇంజెక్షన్‌కు ముందే ఉన్నాయి. ఆయన ముఖంలోకి చూస్తూ ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

మీ అన్న విషయంలో ఇది మరీ కష్టం. విరిగిన చోటే స్క్రూలున్నాయి. టైటానియం అయినా సరే చుట్టూ బొమ్మను చెదరగొడుతుంది, అదీ సరిగ్గా మనం చూడాల్సిన చోట. పడ్డప్పుడు వెన్నుపాములో రక్తం చేరి ఉంటే దాని ఇనుము ఇప్పటికీ అక్కడే ఉండొచ్చు. వెన్నుపాము చుట్టూ ద్రవం కదలడం వల్ల కూడా నల్లటి నీడలు పడతాయి. ఇన్నింటి మధ్య ఒక మచ్చను చూపించి ఇవి మేం ఎక్కించిన కణాలే అని నేనైతే సంతకం పెట్టలేను. ఇంజెక్షన్‌కు ముందు, తర్వాత అదే మెషీన్ మీద అదే సీక్వెన్స్‌తో, అంటే అదే రకం సెట్టింగులతో తీసిన స్కాన్లు రెండూ ఉంటేనే పోల్చడం గురించి మాట్లాడొచ్చు. ఒక్క "తర్వాత" ఫిల్మ్‌తో ఏమీ తేలదు.

ఇనుము హాని గురించి మీ టెన్షన్ తీరేలా ఒక లెక్క చెప్తాను. 2 కోట్ల కణాలు, ఒక్కోదానిలో 20 పికోగ్రాములు అనుకుంటే మొత్తం ఇనుము 0.4 మిల్లీగ్రాములు. గర్భిణులకు పీహెచ్‌సీలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3, 4 గ్రాములు. కణాలతో పోయిన ఆ కాస్త ఇనుమును శరీరం చివరికి తన ఇనుము నిల్వల్లో కలిపేసుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా ఎంఆర్‌ఐ తీయాలన్నా ప్రమాదం లేదు, ఆ భాగం కొన్నాళ్లు మసకగా రావచ్చు. ఫెరుమాక్సిటాల్ మీద అమెరికా ఔషధ సంస్థ 2015లో తీవ్రమైన అలర్జీ గురించి గట్టి హెచ్చరిక పెట్టిన మాట నిజమే. అది మందును పూర్తి మోతాదులో నరంలోకి ఎక్కించినప్పటి సంగతి. కణాల స్వభావం మారుతుందా అన్నది ఇంకో ప్రశ్న. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇనుము పట్టిన స్టెమ్ సెల్స్ కొవ్వుగా, ఎముకగా మారగలిగాయి గానీ మృదులాస్థిగా మారడం దెబ్బతింది. మోతాదు తగ్గిస్తే ఇబ్బంది లేదని తర్వాత కొందరు చూపించారు. అందుకే ఏ రేణువు, ఎంత మోతాదు అన్నది వివరంగా అడగాలి.

నాకు భయం ఇనుముతో కాదు, కణాలతో, సూదితో. శుభ్రత సరిగ్గా లేని చోట నడుము సూది ద్వారా ఏం ఎక్కించినా మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు ఉంది. 2016లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో ఒక రోగి కథ వచ్చింది. పక్షవాతానికి చైనా, అర్జెంటీనా, మెక్సికోల్లో స్టెమ్ సెల్స్ ఎక్కించుకున్న మనిషికి వెన్నులో గడ్డ పెరిగింది. పరీక్షిస్తే అందులోని కణాలు ఆయనవి కావు, ఎవరో దాతవి. మీ అన్నకు తన సొంత మజ్జే అంటున్నారు కాబట్టి ముప్పు అదే స్థాయిలో ఉండకపోవచ్చు. కానీ డబ్బాలో వచ్చేవి ఏ కణాలో మీకు చూపించే కాగితం ఉండాలి కదా.

ఇక చట్టం సంగతి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం లేని జబ్బులకు స్టెమ్ సెల్స్ ఇవ్వడం క్లినికల్ ట్రయల్‌గానే, అంటే మనుషుల మీద అనుమతితో చేసే పరిశోధనగానే జరగాలి. మామూలు వైద్యంగా డబ్బుకు అమ్మకూడదు. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నంబర్ ఉంటుంది, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, మీకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఇస్తారు, హాని జరిగితే పరిహారం ఎవరిస్తారో రాసి ఉంటుంది. ఇవి అడిగినప్పుడు మాట దాటేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఒక జాగ్రత్త: సీటీఆర్‌ఐ నంబర్ ఉంటే నమోదైందని మాత్రమే అర్థం. వైద్యం పనిచేస్తుందని ప్రభుత్వం ముద్ర వేసినట్టు కాదు.

"జపాన్‌లో అనుమతించారు" అని వాళ్లు అనొచ్చు. 2018 చివర్లో జపాన్ ఒక స్టెమ్ సెల్ వైద్యానికి షరతులతో, గడువు పెట్టి అనుమతి ఇచ్చిన మాట నిజం. ఆధారంగా చూపిన అధ్యయనంలో 13 మందే ఉన్నారు, పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు లేదు. దాని మీద శాస్త్రవేత్తల నుంచి గట్టి విమర్శలు వచ్చాయి. అది కూడా కొత్తగా దెబ్బ తగిలిన వాళ్ల కోసం ఉద్దేశించింది. ఏడాది దాటిన దెబ్బకు దాన్ని చూపించి డబ్బు అడగడం న్యాయం కాదు.

ఇనుము కాకుండా వేరే దారులున్నాయా అంటే ఉన్నాయి. అయస్కాంత రేణువుల నుంచి నేరుగా సంకేతం తీసే ఎంపీఐ అనే యంత్రం ఆలోచనను 2005లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రచురించారు. అందులో ఒంటి కణజాలం కనిపించదు, రేణువులే వెలుగుతాయి కాబట్టి పాత రక్తంతో గందరగోళం ఉండదు. ఫ్లోరిన్ పట్టించి ఎంఆర్‌ఐలో చూసే పద్ధతి కూడా ఉంది. బతికున్న కణమే సంకేతం ఇచ్చేలా జన్యువులు మార్చే పద్ధతులు బతుకు, చావు తేల్చగలవు, కానీ మనుషుల్లో వాడటానికి చాలా చిక్కులున్నాయి. ఇవేవీ ఇవాళ మీ అన్నకు అందుబాటులో ఉన్నవి కావు.

ఆ 4 లక్షల మాటకొస్తే, మీరు అప్పు తెచ్చి కట్టాలనుకుంటున్నారని రాశారు. అది చదివి మనసు కలుక్కుమంది. దయచేసి ఆ డబ్బు ఆయన రోజు గడిచే తీరు మీద పెట్టండి. వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా పుండ్లు, మూత్రం ఇన్ఫెక్షన్లు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మంచి పరుపు, వీల్ చెయిర్‌లో సరైన దిండు, శుభ్రంగా వేళకు గొట్టం పెట్టి మూత్రం తీయడం నేర్చుకోవడం, చేతులకు బలమిచ్చే ఫిజియోథెరపీ. వీటితో మనిషి మళ్లీ కూర్చుని పని చేసుకునే స్థితికి రావడం నేను చూశాను. నిమ్స్ లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థలో పాత, కొత్త స్కాన్లన్నీ తీసుకెళ్లి ఒకసారి చూపించండి. ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ తీసుకున్నారా? అది ఉంటేనే దివ్యాంగుల పింఛను. గీత కార్మికులకు శాశ్వత వైకల్యానికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కోసం ఎక్సైజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టారో లేదో మీరు రాయలేదు, వెంటనే కనుక్కోండి. ఇంట్లో ఇంకెవరైనా చెట్లెక్కుతుంటే 2024 నుంచి ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం కిట్ లేకుండా ఎక్కనివ్వకండి.

ఆ సెంటర్ వాళ్లు సీటీఆర్‌ఐ నంబర్ ఏదైనా ఇస్తే ఇక్కడ రాయండి. ఆ నమోదు చదివి, అది ఏ దశ ట్రయలో, పాత దెబ్బలున్న వాళ్లను తీసుకుంటున్నారో లేదో, డబ్బు గురించి ఏం రాశారో తెలుగులో వివరంగా చెప్తాను.